ఒకే లాక్, నాలుగు కోర్లు: ప్రకంపనల కార్డు డ్రైవర్ ప్రాజెక్టు డైరీ

మొదటి వారం, సోమవారం

పెద్ద పంపు మోటార్ల బేరింగులలో ప్రకంపనలను కొలిచే ఒక పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డుకు సంబంధించిన లినక్స్ డ్రైవర్‌ను (కార్డును ఆపరేటింగ్ సిస్టమ్‌తో కలిపే ప్రోగ్రామును) చక్కదిద్దే పని ఈ రోజు నా చేతికి వచ్చింది. కార్డుకు ఎనిమిది చానళ్లు ఉన్నాయి. ఒక్కో చానల్ సెకనుకు 64,000 నమూనాలు తీస్తుంది, ఒక్కో నమూనా 4 బైట్లు, 256 నమూనాలు పోగైన ప్రతిసారీ కార్డు ఒక ఇంటరప్ట్ (చేస్తున్న పని ఆపి తనను చూడమని ప్రాసెసర్‌కు ఇచ్చే సంకేతం) పంపుతుంది. అంటే చానల్‌కు సెకనుకు 250 చొప్పున మొత్తం 2,000 ఇంటరప్ట్‌లు, సుమారు రెండు మెగాబైట్ల డేటా. నాలుగు కోర్ల ఎక్స్86 యంత్రానికి ఇది బరువైన పని కానే కాదు. అయినా కొలతలు మొదలు కాగానే, నెట్‌వర్క్ ద్వారా యంత్రంలోకి ప్రవేశించే ఎస్ఎస్‌హెచ్‌లో కొట్టిన అక్షరాలు ఆగి ఆగి కనిపిస్తున్నాయి. క్యాలిబ్రేషన్ మీట నొక్కితే యంత్రం మొత్తం కొన్ని సెకన్ల పాటు బిగుసుకుపోయి, ఆ తరువాత ఏమీ జరగనట్టు తేరుకుంటోంది. లినక్స్ కేంద్ర భాగమైన కెర్నెల్ తన సందేశాలు రాసే డీమెసేజ్‌లో ఒక్క హెచ్చరిక కూడా లేదు.

కోడ్ చదివాను. డ్రైవర్ మొత్తానికి ఒకే ఒక స్పిన్‌లాక్ ఉంది. ఒకసారికి ఒక కోర్‌నే లోపలికి రానిచ్చే తాళం అది; మిగతా కోర్లు నిద్రపోకుండా తిరుగుతూ దాని కోసం ఎదురుచూస్తాయి. బఫర్లు, గణాంకాల లెక్కలు, కార్డు రిజిస్టర్లు, క్యాలిబ్రేషన్ గుణకాలు, అన్నీ దాని కిందే ఉన్నాయి. ఇంటరప్ట్ రాగానే నడిచే ఇంటరప్ట్ హ్యాండ్లర్ దాన్ని పట్టుకుంటుంది. అప్లికేషన్‌కు డేటా ఇచ్చే రీడ్ ఫంక్షన్, దాని ఆదేశాలు అందుకునే ఐఆక్టల్ ఫంక్షన్ కూడా ఇంటరప్ట్‌లను ఆపి మరీ దాన్నే పట్టుకుంటాయి. రాసినవారిని తప్పు పట్టలేను. ఒక చానల్, ఒక అప్లికేషన్ ఉన్న రోజుల్లో మొదలైన కోడ్ అది, ఆ రోజులకు అది సరిపోయింది.

మొదటి వారం, బుధవారం

ఊహతో ఏదీ మార్చకూడదని నిశ్చయించుకుని రెండు రోజులూ కొలతలకే కేటాయించాను. ఏ ఫంక్షన్ ఎంత సమయం తింటోందో చూపే పెర్ఫ్ టాప్ తెరవగానే ఒకటి, రెండు, మూడు నంబర్ల కోర్లలో పైవరుసన క్యూడ్ స్పిన్‌లాక్ స్లోపాత్ ఫంక్షన్ కనిపించింది. ఆ మూడు కోర్లూ తమ సమయంలో పెద్ద భాగాన్ని లాక్ కోసం గిరగిర తిరగడానికే వెచ్చిస్తున్నాయన్నమాట. ఎక్స్86 మీద పెర్ఫ్ నమూనాలు మూయడానికి వీలులేని ఎన్‌ఎంఐ అనే ఇంటరప్ట్ ద్వారా వస్తాయి కాబట్టి, ఇంటరప్ట్‌లు ఆపిన ప్రాంతంలో జరిగేది కూడా మనకు కనబడుతుంది. మామూలు టైమర్ ఆధారంగా నమూనాలు తీసే సాధనమైతే ఆ సమయమంతా ఇంటరప్ట్‌లను తిరిగి తెరిచే వరుస మీదనే పోగుపడి, తప్పు ఎక్కడో ఉందనిపిస్తుంది. ఈ తేడా తెలియక గతంలో నేను ఒక వారం పోగొట్టుకున్నాను.

తరువాత లాక్‌స్టాట్ ఐచ్ఛికంతో కెర్నెల్‌ను మళ్లీ కట్టి, ప్రాక్ కింద ఉండే లాక్_స్టాట్ ఫైలును చూశాను. ఎన్నిసార్లు పోటీ వచ్చింది, ఎంతసేపు ఎదురుచూశారు, ఎంతసేపు పట్టుకున్నారు అనే మూడు సంగతులనూ అది వేరువేరుగా చెబుతుంది. చాలామంది మొదటి అంకె చూసి ఆగిపోతారు, కానీ నాకు అవసరమైనది చివరిది. హ్యాండ్లర్ ఈ లాక్‌ను పట్టుకుంటున్నది రెండు మూడు మైక్రోసెకన్లు కాదు, 250 మైక్రోసెకన్లకు పైనే.

కారణం వెతకడానికి ఎంతో సేపు పట్టలేదు. హ్యాండ్లర్ నమూనాలను కార్డు మెమరీ నుండి ఒక్కొక్క 32 బిట్ల రీడ్‌తో తెచ్చుకుంటోంది. పీసీఐ ఎక్స్‌ప్రెస్ మీద రాత అయితే పంపి మరచిపోవచ్చు. చదువు అలా కాదు, అభ్యర్థన కార్డు దాకా వెళ్లి జవాబు తిరిగి వచ్చేవరకు కోర్ కదలకుండా నిలబడాలి. ఈ యంత్రంలో దానికి సుమారు ఒక మైక్రోసెకను పడుతోంది. 256 నమూనాలకు 256 మైక్రోసెకన్లు, దాన్ని సెకనుకు 2,000 ఇంటరప్ట్‌లతో గుణిస్తే 512 మిల్లీసెకన్లు. అంటే ప్రతి సెకనులో సగానికి పైగా ఈ లాక్ హ్యాండ్లర్ చేతిలోనే ఉంటోంది. ఇంటరప్ట్‌లన్నీ సున్నా నంబరు కోర్‌కే వెళ్తున్నాయి కాబట్టి ఆ కోర్ సగం ఆయుష్షు అక్కడే గడుస్తోంది. నెట్‌వర్క్ కార్డు ఇంటరప్ట్ కూడా ఆ కోర్ మీదే ఉండడంతో ఎస్ఎస్‌హెచ్ తడబాటుకు కారణం దొరికింది.

అప్లికేషన్ వైపు కూడా తప్పు ఉంది. ఎనిమిది విశ్లేషణ ప్రాసెస్‌లూ డేటా వచ్చిందా లేదా అని ఆగకుండా రీడ్‌ను పిలుస్తూనే ఉంటాయి, పిలిచిన ప్రతిసారీ ఆ లాక్‌ను తాకుతాయి. డేటా ఉన్నప్పుడు మాత్రమే నిద్ర లేపే వెయిట్ క్యూ డ్రైవర్‌లో లేకపోతే అప్లికేషన్ రాసేవారికి మరో దారి ఏముంది?

మొదటి వారం, శుక్రవారం

ఈ రోజు క్యాలిబ్రేషన్ సంగతి. ఇంటరప్ట్‌లు ఎంతసేపు ఆగి ఉన్నాయో చెప్పే ఐఆర్‌క్యూస్‌ఆఫ్ ట్రేసర్‌ను పెట్టి మీట నొక్కాను. గరిష్ఠ ఆలస్యం మూడు సెకన్లు దాటింది. ఐఆక్టల్ ఫంక్షన్ స్పిన్‌లాక్ పట్టుకుని, కార్డులోని అనలాగ్ భాగం స్థిరపడిందో లేదో ఒక స్టేటస్ బిట్‌ను లూపులో చూస్తూ కూర్చుంటోంది. ఒక్కో చానల్‌కు 400 మిల్లీసెకన్లు, ఎనిమిదింటికి 3.2 సెకన్లు. ఆ సమయంలో అదే లాక్ కోరిన మిగతా మూడు కోర్లూ ఇంటరప్ట్‌లు మూసుకుని తిరుగుతూ ఉంటాయి. నాలుగు కోర్లూ ఒకేసారి బందీలైతే బిగుసుకుపోయింది యంత్రమేనని వాడేవారికి అనిపించడం సహజం.

మరి హెచ్చరిక ఎందుకు రాలేదు? స్తంభించిన కోర్లను కనిపెట్టే వాచ్‌డాగ్ గడువు సహజంగా 10 సెకన్లు. ఇంటరప్ట్‌లు మూసుకుని కోర్ అంతసేపు నిలిచిపోతే హార్డ్ లాకప్ అంటుంది. దానికి రెట్టింపు, అంటే 20 సెకన్ల పాటు వేరే పనికి కోర్ దక్కకపోతే సాఫ్ట్ లాకప్ అంటుంది. కోర్ ముందుకు కదలడం లేదని చెప్పే మరో హెచ్చరిక అయిన ఆర్‌సీయూ స్టాల్‌కు సాధారణంగా 21 సెకన్లు కావాలి. మా మూడు సెకన్ల స్తంభన ఏ వలలోనూ పడదు. లాగ్ నిర్మలంగా ఉంది కాబట్టి డ్రైవర్ నిర్దోషి అని ఇన్నాళ్లూ నమ్మిన మా బృందానికి ఈ లెక్కను పలక మీద రాసి చూపించాను.

మరమ్మతు తేలికగానే అయింది. క్యాలిబ్రేషన్ అనేది ఇంటరప్ట్‌లో కాక, ఒక ప్రాసెస్ తరఫున (ప్రాసెస్ సందర్భంలో) జరిగే పని, దానికి నిద్రపోయే హక్కు ఉంది. అందుచేత కాన్ఫిగరేషన్‌కు విడిగా ఒక మ్యూటెక్స్ (ఎదురుచూసేవారు నిద్రపోయే లాక్) పెట్టి, స్టేటస్ బిట్‌ను చూసే లూపును రీడ్ఎల్ పోల్ టైమౌట్‌తో మార్చాను. అది చూపుకూ చూపుకూ మధ్య కోర్‌ను వదిలి నిద్రపోతుంది. పేరులో అటామిక్ అని ఉన్న దాని తోబుట్టువు మాత్రం నిద్రపోకుండా తిరుగుతుంది. రెండింటి పేర్లూ దగ్గరగా ఉండడం వల్ల కోడ్ సమీక్షలో కన్ను జారే చోటు ఇది.

రెండవ వారం, సోమవారం

వారాంతంలో ఒక ఆశ కలిగింది: స్పిన్‌లాక్‌ను, చదివేవారిని ఎందరినైనా ఒకేసారి రానిచ్చే రీడర్-రైటర్ లాక్‌గానో, మరేదైనా తెలివైన లాక్‌గానో మార్చేస్తే పని అయిపోదా? మా బృందంలో పెద్దవారైన ఇంజనీరు ఒకరిని అడిగాను. ఆమె కోడ్ వైపు చూడకుండానే, “ముందు ఒక పని చేయండి. ఈ లాక్ దేన్ని కాపాడుతోందో ఒక్క వాక్యంలో రాసి తీసుకురండి. ఆ వాక్యంలో ‘మరియు’ రాకూడదు” అన్నారు. గంటసేపు ప్రయత్నించాను. వాక్యం కుదరలేదు. అయిదు వాక్యాలు వచ్చాయి.

లాక్ రకం గురించి నేను ఆలోచించిన దారిలో కెర్నెల్ ఎప్పుడో నడిచి వచ్చింది. పాత ఎక్స్86 స్పిన్‌లాక్‌లో వరుస అనేది ఉండేది కాదు. లాక్ విడుదల కాగానే ఎవరి చేతికి దాని క్యాష్ లైన్ (కోర్ల మధ్య ఒక్క ముక్కగా కదిలే మెమరీ భాగం) ముందు అందితే వారిదే గెలుపు. దురదృష్టవంతమైన కోర్ ఎంతసేపైనా ఓడిపోతూనే ఉండవచ్చు. 2008లో 2.6.25తో టికెట్ స్పిన్‌లాక్‌లు వచ్చాయి. ఆసుపత్రి ఓపీలో టోకెన్ ఇచ్చినట్టు, ముందు వచ్చినవారికి ముందు అన్న న్యాయం కుదిరింది. కానీ అందరి కళ్లూ ఒకే బోర్డు మీద ఉంటాయి; అంకె మారిన ప్రతిసారీ ఆ క్యాష్ లైన్ కోర్లన్నింటి మధ్యా ఎగిరిపడుతుంది. 2015లో 4.2తో వచ్చిన క్యూడ్ స్పిన్‌లాక్ ఆ బెడదనూ తగ్గించింది. వరుసలో నిలబడిన కోర్లు తమ తమ కోర్‌కు కేటాయించిన చిన్న గుర్తును చూసుకుంటూ ఉంటాయి, ముందున్న కోర్ వచ్చి దాన్ని తట్టి లేపుతుంది. దీనికి మూలం 1991లో మెల్లర్-క్రమ్మీ, స్కాట్ ప్రచురించిన ఎంసీఎస్ లాక్. ఇంత చక్కని వరుస మా కింద ఇప్పటికే ఉంది. అయినా లాక్‌ను సెకనులో సగం సేపు ఒకరే పట్టుకుంటే వరుస ఎంత న్యాయంగా ఉన్నా ఎదురుచూపు తగ్గదు. రీడర్-రైటర్ లాక్ కూడా ఇక్కడ పనికిరాదు. మా రీడ్ ఫంక్షన్ బఫర్ తోకను (ఎంతవరకు చదివామో చెప్పే గుర్తును) ముందుకు జరుపుతుంది కనుక పేరుకు చదివేదైనా నిజానికి అది రాసేదే.

నా అయిదు వాక్యాలను గోడకు అంటించాను. ఇక మిగిలిన పని వాటిని ఒక్కొక్కటిగా విడదీయడమే.

రెండవ వారం, గురువారం

మొదట పట్టుకునే కాలాన్ని కోశాను. ప్రాసెసర్ ప్రమేయం లేకుండా యంత్రం మెమరీలోకి నేరుగా రాసే డీఎంఏ ఇంజను కార్డులో ఉన్నా పాత డ్రైవర్ దాన్ని వాడలేదు. కార్డూ కోర్లూ ఒకేలా చూసే కోహెరెంట్ డీఎంఏ మెమరీలో చానల్‌కు ఒక రింగ్ (చివర చేరాక మళ్లీ మొదటికి వచ్చే బఫర్) కేటాయించి, కార్డే నమూనాలను అందులో రాసేట్టు చేశాను. ఎంతవరకు రాసిందో చెప్పే సూచికను కూడా కార్డే యంత్రం మెమరీలోకి రాస్తుంది. దాంతో హ్యాండ్లర్ కార్డు నుండి ఒక్క రిజిస్టరు కూడా చదవనక్కరలేదు. సూచికను చదివిన తరువాత, డేటాను చదివే ముందు, చదువుల వరుస తారుమారు కాకుండా ఆపే డీఎంఏ రీడ్ బ్యారియర్ తప్పనిసరి. ఎక్స్86 మీద అది లేకపోయినా పరీక్షలు దాటిపోతాయి, ఆర్మ్ 64 మీద మాత్రం కొత్త సూచికతో పాత నమూనాలు చదివే ప్రమాదం ఉంది. ఈ డ్రైవర్ ఎప్పుడో ఒకప్పుడు అక్కడికి వెళ్లక తప్పదు కాబట్టి ఇప్పుడే పెట్టాను.

ఫలితం చూసి నిజంగా సంతోషించాను. లాక్ ఇంకా ఒక్కటే, దాని రకమూ అదే. అయినా పట్టుకునే కాలం రెండు మైక్రోసెకన్ల లోపుకు దిగింది, పెర్ఫ్ టాప్ పైవరుసలో స్లోపాత్ పేరు మాయమైంది.

మూడవ వారం, మంగళవారం

ఇప్పుడు విభజన. చానల్‌కు ఒక లాక్, దాని పక్కన అది దేన్ని కాపాడుతోందో చెప్పే ఒక వాక్యం. గణాంకాల లెక్కలను లాక్ కింద నుండి తప్పించి కోర్‌కు ఒకటి చొప్పున విడిగా ఉండే పర్-సీపీయూ చరాలలో పెట్టాను. ఎవరైనా అడిగినప్పుడు మాత్రమే వాటిని కూడుతాము. ఇంటరప్ట్‌లకు ఎంఎస్ఐ-ఎక్స్ అనే పద్ధతి ద్వారా ఎనిమిది వెక్టర్లు (విడివిడి ఇంటరప్ట్ దారులు) తీసుకుని, కోర్‌కు రెండు చొప్పున పంచాను. కెర్నెల్‌నే పంచమనే ఐచ్ఛికం ఉంది కానీ, ఆ పద్ధతిలో తరువాత యంత్రాన్ని నడిపేవారు ప్రాక్ ఫైలు ద్వారా వాటిని కదిలించలేరు. మా వినియోగదారులలో కొందరు ఒక కోర్‌ను వేరే పనికి విడిగా ఉంచుకుంటారు కాబట్టి ఆ స్వేచ్ఛను వారికే వదిలాను.

విడదీసిన తరువాత ఒక ఆశ్చర్యం ఎదురైంది. లాక్ మీద పోటీ సున్నాకు దగ్గరగా ఉన్నా, వేరువేరు చానళ్ల లాక్‌లు తీసుకోవడానికే అనుకున్నంత కన్నా ఎక్కువ సమయం పడుతోంది. క్యాష్ లైన్ల మీది పోటీని చూపే పెర్ఫ్ సీ2సీతో చూస్తే సంగతి బయటపడింది. చానల్ నిర్మాణాలు వరుసగా ఒక శ్రేణిలో ఉన్నాయి, ఒకదాని లాక్, పక్కదాని సూచికలు ఒకే 64 బైట్ల క్యాష్ లైన్‌లో పడుతున్నాయి. తర్కంలో విడిపోయినా ఇనుములో అవి ఇంకా కలిసే ఉన్నాయి. ప్రతి నిర్మాణమూ కొత్త క్యాష్ లైన్ మీద మొదలయ్యేట్టు అమర్చి, లోపల కూడా హ్యాండ్లర్ రాసే క్షేత్రాలను ఒక లైనులో, రీడర్ రాసే వాటిని మరో లైనులో పెట్టాను.

మూడవ వారం, శనివారం

ఇది నా స్వంత పొరపాటు. పరికరాన్ని ఆపే ఫంక్షన్‌లో చానల్ లాక్ పట్టుకుని ఉండగానే ఇంటరప్ట్‌ను మూసే డిజేబుల్ ఐఆర్‌క్యూను పిలిచాను. నడుస్తున్న హ్యాండ్లర్ ముగిసేవరకు అది ఎదురుచూస్తుంది. ఆ హ్యాండ్లర్ వేరే కోర్ మీద అదే లాక్ కోసం తిరుగుతోంది. ఇద్దరూ ఒకరికోసం ఒకరు. ఈసారి హార్డ్ లాకప్ హెచ్చరిక సరిగ్గానే వచ్చింది. లాక్ వదిలాకే ఆ పిలుపు ఉండేట్టు వరుస మార్చాను.

నాలుగవ వారం, సోమవారం నుండి బుధవారం వరకు

ఈ మూడు రోజులు నాకు ఎక్కువ నేర్పాయి. బ్లాకులను సరిచూసి, గుణకాలతో ప్రమాణాలలోకి మార్చే పనిని హార్డ్ ఇంటరప్ట్ సందర్భం నుండి, విడి థ్రెడ్‌గా నడిచే థ్రెడెడ్ హ్యాండ్లర్‌లోకి తెచ్చాను. లాక్ పోటీ లేదు, ఇంటరప్ట్‌లు మూసుకుని ఉండే కాలమూ లేదు. అయినా నమూనాల వేగాన్ని పరీక్ష కోసం నాలుగింతలు చేయగానే మామూలు ప్రాసెస్‌లు దాదాపు కదలడం మానేశాయి. డీమెసేజ్‌లో ఆర్‌టీ త్రాట్లింగ్ (రియల్-టైమ్ పనులకు వేసే పగ్గం) మొదలైందన్న సందేశం ఉంది.

ఇంటరప్ట్ థ్రెడ్ సహజంగానే ఫైఫో అనే రియల్-టైమ్ విధానంలో 50 ప్రాధాన్యంతో నడుస్తుంది. నా లూపు రింగ్ ఖాళీ అయ్యేవరకు ఆగదు. ఆ వేగంలో ఒక బ్లాకును సరిచూసేలోగా మరొకటి చేరుతోంది, కాబట్టి రింగ్ ఎన్నటికీ ఖాళీ కాదు. 6.6 కెర్నెల్ సహజ అమరికలో ఇటువంటి థ్రెడ్‌లకు ప్రతి 10,00,000 మైక్రోసెకన్లలో 9,50,000 దక్కుతాయి. మిగతా ప్రపంచమంతా సెకనుకు 50 మిల్లీసెకన్లతో బతకాలి. లాక్ అన్నదే లేకుండా కూడా కోర్‌ను ఆకలికి గురిచేయవచ్చునని అప్పుడు కళ్లారా చూశాను.

మొదట లూపులో, అవసరమైతే కోర్‌ను వదిలే కండ్ రీషెడ్యూల్ పెట్టి చూశాను, ఏమీ మారలేదు. ఎందుకు మారుతుంది? అది షెడ్యూలర్‌ను ఒకసారి అడుగుతుంది, షెడ్యూలర్ అన్నింటికన్నా పై ప్రాధాన్యం ఉన్నవారిని ఎంచుతుంది, ఆ వ్యక్తి మళ్లీ నా థ్రెడే. మామూలు ప్రాధాన్యం గల పని అడుగున ఎదురుచూస్తూనే ఉంటుంది. లూపులో ఈ పిలుపు కనిపిస్తే చాలు, మర్యాదగా నడుచుకునే కోడ్ అని భావించే అలవాటు నాకూ ఉండేది.

చివరకు నెట్‌వర్క్ డ్రైవర్ల న్యాపీ పద్ధతిని ఆశ్రయించాను. అక్కడ ఒక దఫాకు 64 ప్యాకెట్లు అనే పరిమితి ఉంటుంది. నేనూ 64 బ్లాకులు పెట్టుకున్నాను. పరిమితి తీరినా పని మిగిలితే, ఆ చానల్ ఇంటరప్ట్‌ను కార్డులో మూసివుంచి, మిగిలినదాన్ని మామూలు ప్రాధాన్యంతో నడిచే అన్‌బౌండ్ వర్క్‌క్యూకు (ఏ కోర్‌కూ కట్టుబడని వాయిదా పనుల వరుసకు) అప్పగిస్తాను. ఇంటరప్ట్ మూసి ఉన్నంతవరకు థ్రెడ్ మళ్లీ లేవదు కాబట్టి ఒక రింగ్‌ను ఏ క్షణంలోనైనా ఒక్కరే ఖాళీ చేస్తారు. పని ముగించి ఇంటరప్ట్ తెరిచాక సూచికను మరొకసారి చూడడం మరువకూడదు. చివరి చూపుకూ తెరవడానికీ మధ్య వచ్చిన బ్లాకుకు కార్డు సందేశం పంపదు, దాన్ని పట్టించుకోకపోతే చానల్ శాశ్వతంగా మూగబోతుంది. ప్రమాణాల మార్పిడిని పూర్తిగా అప్లికేషన్ లైబ్రరీకి తరలించాను. కెర్నెల్‌లో ఉండవలసిన అవసరం దానికి మొదటినుండీ లేదు.

అయినా తట్టుకోలేనంత డేటా వస్తే ఏం చేయాలనే ప్రశ్నను తప్పించుకోలేదు. పారేయాలి, ఎన్ని పారేశామో లెక్కపెట్టాలి, రీడర్‌కు ఆ లెక్క చెప్పాలి. ప్రకంపనల విశ్లేషణలో తెలియకుండా తెగిన నమూనాల వరుస, తెగిందని తెలిసిన వరుస కన్నా చాలా ప్రమాదకరం. లేని పౌనఃపున్యాలు అందులో పుట్టుకొస్తాయి.

అయిదవ వారం, శుక్రవారం

రింగ్‌కు ఇప్పుడు రాసేవారు ఒక్కరు, చదివేవారు ఒక్కరు. తలను (ఎంతవరకు రాశారో చెప్పే గుర్తును) రాసేవారే జరుపుతారు, తోకను చదివేవారే జరుపుతారు. ఇద్దరి మధ్యా లాక్ అక్కరలేదు; తలను, ముందటి రాతలు కనబడ్డాకే కనబడే స్టోర్ రిలీజ్‌తో ప్రకటించి, అవతల దానికి జోడైన లోడ్ అక్వైర్‌తో చదివితే చాలు. తోకకూ అదే నియమం. చానల్ స్పిన్‌లాక్‌ను తీసివేశాను, దాని పక్కన రాసిన వాక్యాన్ని కూడా. ఒకే ఫైలును ఇద్దరు తెరిచి చదవవచ్చు కాబట్టి చదివేవారి వైపు ఒక మ్యూటెక్స్ ఉంచాను. వాడుకరి మెమరీలోకి కాపీ చేసేటప్పుడు పేజీ లేక నిద్రపోవలసి రావచ్చు కనుక అక్కడ మ్యూటెక్సే సరైనది. రీడ్ ఇక డేటా లేనప్పుడు వెయిట్ క్యూలో పడుకుంటుంది.

ఆరవ వారం, సోమవారం

కృత్రిమ భారం పెట్టే స్ట్రెస్-ఎన్‌జీతో నాలుగు కోర్లనూ నింపి, ఆలస్యాలను కొలిచే సైక్లిక్‌టెస్ట్ నడుపుతూ, ఎనిమిది చానళ్లూ పూర్తి వేగంతో ఉండగా రాత్రంతా పరీక్షించాను. లాక్‌ల వరుసలో తప్పులు పట్టే లాక్‌డెప్, నిద్రపోకూడని (అటామిక్) సందర్భంలో నిద్రను పట్టుకునే తనిఖీ రెండూ తెరిచే ఉంచాను. ఉదయానికి లాగ్ ఖాళీగా ఉంది, కానీ ఇప్పుడు దాని మీద మాత్రమే ఆధారపడడం లేదు. ఐఆర్‌క్యూస్‌ఆఫ్ ట్రేసర్ చూపిన గరిష్ఠ విరామంలో మా డ్రైవర్ పేరు లేదు, పారేసిన బ్లాకుల లెక్క సున్నా. క్యాలిబ్రేషన్ నడుస్తుండగా ఎస్ఎస్‌హెచ్‌లో ఒక పేరా టైపు చేసి చూశాను, ఎక్కడా ఆగలేదు.

2024లో వెలువడిన 6.12 నుండి, కెర్నెల్‌ను రియల్-టైమ్ పనులకు అనువుగా మార్చే ప్రీఎంప్ట్ ఆర్‌టీ ప్రధాన కెర్నెల్‌లో భాగమైంది. ఆ అమరికలో మామూలు స్పిన్‌లాక్ నిద్రపోయే లాక్‌గా మారుతుంది, రా స్పిన్‌లాక్ ఒక్కటే నిజంగా తిరుగుతుంది. మా డ్రైవర్‌లో ఇప్పుడు మిగిలినది పవర్ మేనేజ్‌మెంట్ దారిలోని ఒకే స్పిన్‌లాక్. హార్డ్ హ్యాండ్లర్ దాన్ని తాకుతుందో లేదో రేపు వరుస వరుసగా చదివి తేల్చుకోవాలి. గోడ మీది అయిదు వాక్యాలలో ఇక దానిదే మిగిలి ఉంది.